చొక్కా జేబులో పళ్ళు

పైవరస మొత్తం ఒక్క శీతాకాలంలో పోయింది మా ఆయనకి.
మూడు వాటంతట అవే,
ఒకటి గొడ్డలికర్ర ఎగిరి తగిలి,
మిగిలినవి ఆ రోనోక్ డాక్టరు
"ఉంచి లాభంలేదు డోర్సీ" అని పీకేసి.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నాను,
నవ్వుతాడనుకుని.
నవ్వలేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పట్నుంచి ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో వచ్చాయి కట్టుడుపళ్ళు,
గులాబీరంగు ప్లాస్టిక్ అంగిలితో సహా.
రాత్రి బాత్‌రూమ్ గడియ పెట్టుకుని తీసేవాడు,
దీపం ఆర్పాకే వచ్చి పడుకునేవాడు.
నలభైరెండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి
అప్పులవాణ్ణి చూసినట్టు నాకు మొహం చాటేశాడు.
నా పేరు సెలెస్టా.
అందులో రెండుచోట్ల ఈల వస్తోందని
పేరు పెట్టి పిలవడం మానేశాడు.
"ఇదిగో" అంటాడు. అంతే.

ఏప్రిల్ దగ్గరపడింది.
గుర్రపునాడా ఆకారంలో చిన్న అల్యూమినియం చట్రం,
దానికి సాగదీసి బిగించిన రబ్బరు పొర,
కోటు బొత్తాం కన్నా కాస్త పెద్దది.
అంగిట్లో పెట్టి నాలుకతో అదిమి ఊపిరి వదిలితే
మనిషి నోట్లోంచి టర్కీ పెట్ట మాట్లాడుతుంది.
ఫైర్ స్టేషన్ హాల్లో పోటీలు పెడితే
మూడేళ్ళు వరసగా గెలిచాడు.
ఆ కప్పుల్లో ఇప్పుడు మేకులు పోసి ఉంచాను.

ప్లాస్టిక్ మీద అది నిలవదు. జారుతుంది.
గట్టిగా ఊదితే పళ్ళసెట్టే ఊడి ముందుకొస్తుంది.
తలుపు వెనక దగ్గు, ఉమ్ము, ఒక బూతుమాట,
సింకులో ఏదో టక్కున పడిన చప్పుడు.
బంగాళాదుంపలు తరుగుతూ
విననట్టే ఉన్నాను.

మా తమ్ముడు ఎమ్మెట్ పలక ఒకటి తెచ్చిచ్చాడు, గీకే పుల్లతో.
మూత రాస్తే కూసే చెక్కపెట్టె కూడా.
"చెయ్యి కదిలితే పుంజు చూస్తుంది,
దాని కళ్ళ సంగతి నీకు తెలీదు" అని
రెండింటినీ అటక ఎక్కించాడు ఈయన.

రెండో శనివారం. ఇంకా చీకటి.
ఫ్లాస్కు, తుపాకీ, నా వైపు చూడకుండా ఒక "ఇదిగో".

కొండ మీద జరిగింది తర్వాత చెప్పాడు, ముక్కలు ముక్కలుగా.
ఓక్ చెట్టుకి వీపు ఆనించి
మూడుసార్లు పిలిచాడట, మూడుసార్లూ
గాలిపోయిన ట్యూబులా.
లోయ అవతల పుంజు ఒకసారి పలికి ఊరుకుంది.
అటూ ఇటూ చూశాడట,
ఎవరున్నారు, డాగ్‌వుడ్ పూలూ మంచూ తప్ప.
పళ్ళు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
పొరని వట్టి అంగిలికి అద్దితే
చర్మానికి చర్మంలా అతుక్కుందట.
వచ్చింది పాత గొంతు కాదు.
బొంగురుగా, చివర కాస్త అరిగిపోయి,
చాలా వసంతాలు చూసిన ముసలి పెట్ట గొంతు.
"కప్పులు గెలిచిన రోజుల్లో నేనెప్పుడూ పడుచు పెట్టనే" అన్నాడు.
పుంజు ముసలిదాని కోసమే వచ్చింది,
తోక విప్పుకుని, రెక్కలు నేలకీడుస్తూ.

ఎనిమిదిన్నరకి ట్రక్కు చప్పుడు.
వంటింటి తలుపు భుజంతో తోసుకుని వచ్చాడు.
"షెలెష్తా!"
నోరంతా తెరిచి.
చెయ్యి అడ్డం లేదు, రెండు చేతుల్లోనూ పుంజు కాళ్ళున్నాయి.
అప్పుడు చూశాను, ఖాళీ చిగుళ్ళు.
పసిబిడ్డలా ఉన్నాడని అనను.
పసివాళ్ళకి రాదు ఆ నవ్వు,
అందులో సగం గర్వం, సగం పొగాకు.

"పళ్ళేవీ?" అన్నాను.
అప్పుడు గుర్తొచ్చింది తనకి.
పుంజుని బల్ల మీద పడేశాడు. చెయ్యి పైకి లేచి
సగం దాకా వచ్చి ఆగింది.
జేబులోంచి తీసి నాకే ఇచ్చాడు.
దవడపళ్ళ సందుల్లో ఓక్ పుప్పొడి.
కుళాయి కింద పట్టి పాత బ్రష్షుతో తోమాను.
అంత తేలిగ్గా ఉంటాయనుకోలేదు.

మాంసం మాత్రం వట్టి తోలు.
పళ్ళు లేకుండా పట్టినదాన్ని
పళ్ళు పెట్టుకుని కూడా నమల్లేకపోయాడు.
మిగిలింది మరలో వేసి తిప్పి గ్రేవీ చేశాను.

ఆదివారం తెల్లారకముందే మెలకువొచ్చింది.
బాత్‌రూమ్‌లోంచి ముసలి పెట్ట పిలుస్తోంది.
తలుపు తెరిచే ఉంది.
"ఇదిగో, చర్చికి ఆలస్యమవుతుంది" అని కేకేశాను.
పెట్ట ఇంకోసారి పలికింది.